ఏ పేటలో దిగాలి?

మా బూదికోటకు వచ్చేవాళ్లు రెండు రకాలు. బంధువులు, బాకీ వసూలుకు వచ్చేవాళ్లు. మొదటి రకం మా ఇళ్లల్లోనే పడుకుంటారు. రెండో రకాన్ని చివరి బస్సుకు ఎక్కించి పంపేస్తాం. అందువల్ల ‘ఏ ఏరియాలో దిగాలి’ అనే ప్రశ్న మా చెవిన పడదు. అలాంటిది, హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేశాడు.

“మామా, నేనూ మా ఆవిడా కేజీఎఫ్ చూడ్డానికొస్తున్నాం. రెండు రాత్రులుంటాం. ఏ ఏరియా అయితే బాగుంటుంది?”

వాడికి కావలసినవేమిటో కూడా చదివి వినిపించాడు. ఊరి సెంటర్లో ఉండాలట. అన్నీ నడిచి చూసేట్టుండాలట. సందడి ఉండాలి గానీ గోల ఉండకూడదు. కిటికీలోంచి మంచి వ్యూ కనపడాలి. పవర్ బ్యాకప్ తప్పనిసరి. పిల్ల సంబంధం చూసేటప్పుడు కూడా వాడు ఇన్ని అడగలేదు.

చివరిదానికి ముందు జవాబు చెప్పాను. “పవర్ సంగతి మాకు చెప్తావట్రా! 1902లోనే శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కు కరెంటొచ్చింది. బెంగళూరుకొచ్చింది 1905లో. అప్పటిదాకా వాళ్లు మమ్మల్ని చూసి కుళ్లుకునేవాళ్లు.” ఇంకా ఏదో అనబోతుంటే మా ఇంట్లో కరెంటు పోయింది. ఫోన్ కదా, వాడికి తెలియలేదు.

చిక్కంతా ‘సెంటర్’ అన్న మాటతో వచ్చింది. కేజీఎఫ్‌కు సెంటర్ లేకపోలేదు. ఉంది, భూమి కింద. 1880లో జాన్ టేలర్ కంపెనీవాళ్లు వచ్చి బంగారం కోసం తవ్వడం మొదలుపెట్టాక, గని నోరు ఎక్కడుంటే అక్కడొక కాలనీ లేచింది. చాంపియన్ రీఫ్, మారికుప్పం, ఊరుగాం, కోరమాండల్ కాలనీలన్నీ అలా పెరిగినవే. పైన ఎవరికి వారే. లోపల మాత్రం మైళ్ల కొద్దీ సొరంగాలు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. మ్యాపులు గీసేవాళ్లు ఊరిని అడ్డంగా గీశారు గానీ దొరలు దాన్ని నిలువుగా కట్టారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. సెంటర్‌లో ఇప్పుడు నీళ్లున్నాయి.

ఆ లోతున సుఖంగా వచ్చిపోయిన అతిథి ఒక్కటే, న్యూట్రినో. ఆకాశంలో కాస్మిక్ కిరణాలు గాలిని తాకితే పుట్టే ఆ కణాల్ని 1965లో ప్రపంచంలో తొలిసారి పట్టుకున్న రెండు చోట్లలో మా గని ఒకటి. గది అడగదు, వేడినీళ్లు అడగదు, భూమిలోంచి దూసుకుని తన దారిన తాను పోతుంది. చుట్టమంటే అలా ఉండాలని మా ఆవిడ అభిప్రాయం. నేను ఆమోదించలేదు, ఖండించనూ లేదు.

“పోనీ, రాబర్ట్‌సన్‌పేట ఎలా ఉంటుంది? పేరు భలేగా ఉంది” అన్నాడు అల్లుడు. మైసూరు సంస్థానంలో రెసిడెంటుగా ఉన్న రాబర్ట్‌సన్ దొర పేరది. పేరు విని లండన్ అనుకుంటే ఎలా? దిగితే మార్కెట్టు, ఆటోలు, మల్లెపూల బుట్టలు, నగల కొట్లు, ఇడ్లీ ఆవిరి. లాడ్జీలున్నది అక్కడే. వాడడిగిన సందడి బోలెడంత దొరుకుతుంది. గోల లేని సందడి మాత్రం కేజీఎఫ్‌లోనే కాదు, భూప్రపంచంలో ఎక్కడా దొరకదు. అక్కడ గది అరవంలో అడగాలి, జవాబు కన్నడంలో వస్తుంది, బేరం దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ తెలుగులోకి దిగుతారు.

“పాత ఇంగ్లీషు బంగళాలున్నాయట కదా, పొగగొట్టాలతో?” అంది వాడి భార్య ఫోన్ లాక్కుని. ఉన్నాయి. ఈ ఊరిని ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్నది వాటిని చూసే. దొరలు 1885లోనే క్లబ్బు పెట్టుకున్నారు, గోల్ఫు ఆడారు. గని పనివాళ్లేమో లైన్లలో, కాళ్లు చాపితే అవతలి గోడ తగిలే ఇళ్లల్లో కాపురాలు చేశారు. ఫోటోలు తీసుకునేవాళ్లెవరూ ఆ లైన్లలో గది కావాలని అడగరు. చరిత్రను అనుభవించడానికొచ్చేవాళ్లు కూడా ఏ ఏరియా చరిత్రో చూసుకునే వస్తారు.

ఇక వ్యూ. చాంపియన్ వైపో మారికుప్పం వైపో ఉంటే కిటికీ నిండా సైనైడ్ దిబ్బలే. రాయిని పొడి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన పిండిని వందేళ్లకు పైగా పోస్తే పెరిగిన గుట్టలవి. వానలకు కోసుకుపోయి నిలువునా చారలు పడి ఉంటాయి. 2018లో వచ్చిన ‘కేజీఎఫ్’ సినిమాలో మీరు చూసింది వీటినే. ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో కుర్రాళ్లు గడ్డం పెంచుకుని వచ్చి “నరాచి ఎక్కడ?” అని అడుగుతున్నారు. అది సినిమావాళ్లు పెట్టిన పేరని చెబితే మేమేదో దాస్తున్నట్టు చూస్తారు. వ్యూ బాగుంటుంది, నేను కాదనను. గాలి తిరిగితే మాత్రం ఆ వ్యూ లేచి గదిలోకి వస్తుంది. ఆరేసిన తెల్లచొక్కా బూడిదరంగుకు తిరుగుతుంది, మూతపెట్టని చెంబు అడుగున సన్నటి పొర పేరుకుంటుంది, అన్నం ముద్దలో పన్ను కింద కరకరమంటుంది. కాబట్టి వ్యూ ఉన్న ఇంట్లోవాళ్లు కిటికీ మూసుకుని ఉంటారు.

“అయితే కోలార్‌లో దిగుతాం మామా. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ కోలార్‌లోనే కదా ఉండేది?”

ఇలా అనుకునే చాలామంది కోలారులో గది తీసుకుంటారు. పొద్దున్నే టీ తాగి “ఇక్కడ గనులెటు?” అని అడిగితే, ముప్పై కిలోమీటర్లంటారు. కోలారులో కోలారమ్మ ఉంది, సోమేశ్వరుడు ఉన్నాడు, కొండమీద అంతరగంగ ఉంది, ఎద్దు నోట్లోంచి నీళ్లు పడుతుంటాయి. బంగారం మాత్రం నగల కొట్లోదే.

బంగారుపేట సంగతి కూడా చెప్పాలి కదా. బౌరింగ్ అనే కమిషనరు పేరుమీద వెలసిన ఊరది. బౌరింగ్‌పేట తర్వాత బంగారుపేట అయింది. జంక్షను కాబట్టి స్టేషను పక్కన పడుకుంటే రాత్రంతా మూడు భాషల్లో ఏ రైలు ఎంత ఆలస్యమో తెలుస్తుంటుంది. కానీ సాయంత్రాలు బంగారుపేటవే. అక్కడి పానీపూరీలో పోసే పానీకి రంగు ఉండదు. మన బోరునీళ్లలా తేటగా, అమాయకంగా ఉంటుంది. మొదటి పూరీకి ఏమీ అనిపించదు. రెండోదానికి చెవులు వేడెక్కుతాయి. మూడోదానికి కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ నాలుగోదానికి చెయ్యి చాపుతాం. ఒక్క దీనికోసం బంగారుపేటలో దిగమని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను.

‘నడిచి చూసేట్టుండాలి’ అన్నదానికి మా దగ్గర ఉన్నది రైలే. బంగారుపేట నుంచి మారికుప్పానికి 1894లో వేసిన కొమ్మలైను, పదహారు కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో కోరమాండల్, బీఈఎంఎల్ నగర్, ఊరుగాం, చాంపియన్ అని వరసగా ఆగుతుంది. గనులు మూశాక ఆ రైలుకు కొత్త పని పడింది. చీకటితోనే క్యారేజీలు పట్టుకుని వేలమంది బెంగళూరుకు ఉద్యోగాలకు పోతారు, రాత్రికి తిరిగొచ్చి పడుకుంటారు. పగలు ఇంకో ఊళ్లో తిరిగి రాత్రి నిద్రకు మాత్రం రావడాన్నే లాడ్జీలో దిగడమంటారు గదా! ఆ లెక్కన కేజీఎఫ్‌లో టూరిస్టులు ఊరివాళ్లే. మా వాడు వచ్చి రెండు పగళ్లు ఊళ్లో ఉంటే, ఆ రెండు రోజులూ వాడే అసలైన స్థానికుడు.

ఇదంతా నేను విడమరిచి చెబుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది.

“లాడ్జీయా? మనం చచ్చిపోయినామా ఏమి? నేరుగా బూదికోటకు రమ్మను.”

బూదికోట ఏరియాగా ఎలా ఉంటుందని అల్లుడు అడిగాడు. నిజాయితీగా చెప్పాలి కదా. మా ఊళ్లో పుట్టిన గొప్పవాడు హైదర్ అలీ. ఆయన తండ్రి ఫతే మహమ్మద్‌కు ఇక్కడ జాగీరుండేది. అంత సొంత జాగా ఉండి కూడా, కాస్త చేతికొచ్చాక హైదర్ శ్రీరంగపట్నం ఏరియాకు మారిపోయాడు. తండ్రి సమాధి కూడా కోలారులోనే ఉంది. అయినా మార్కండేయ డ్యాం ఉంది, గాలి మంచిది, సిగ్నల్ మాత్రం మిద్దెమీద నీళ్ల ట్యాంకు పక్కన వస్తుంది. ఇంతకంటే ఏం చెప్పను?

వచ్చారు. మొదటి రాత్రి మా ఇంట్లో రాగిసంగటి, కోడికూర. మిద్దెమీద ట్యాంకు పక్కనే చాప వేసుకుని పడుకున్నారు. పొద్దున ఏడింటికల్లా బీఈఎంఎల్ నగర్ నుంచి మా మరదలు ఫోన్. “కేజీఎఫ్ చూడ్డానికొచ్చి బూదికోటలో పడుకోవడమేంటి బావా? మేమేం కానివాళ్లమా?” అక్కడ చెట్లున్నాయి, నిశ్శబ్దం ఉంది, మరదలు ఉంది. మధ్యాహ్నం అక్కడ భోజనం. సాయంత్రం బంగారుపేటలో మా పెద్దక్క. మాట వరసకు వెళ్లి ‘తినేసొచ్చాం’ అంటే ఏడ్చింది, అందుకని తిన్నారు. పానీపూరీకి కడుపులో జాగా లేకపోయింది. రెండో రాత్రి కోలారు చిన్నాన్న దగ్గర. ఆయన కారు పంపించాడు, తప్పించుకోవడానికి వీలు లేకుండా. సైనైడ్ దిబ్బల్ని ఆ కారు కిటికీలోంచే చూశారు. కిటికీ మూసే ఉంది.

బెంగళూరు రైలెక్కాక అల్లుడు మెసేజ్ పెట్టాడు. “చాలా బాగుంది మామా. వచ్చే ఏడాది మైసూరు అనుకుంటున్నాం. అక్కడ మనవాళ్లెవరూ లేరు కదా?”

మా ఆవిడకు చదివి వినిపించాను.

“ఎందుకు లేరూ? మా పిన్నికూతురు కువెంపు నగర్‌లో ఉందిగా. ఉండు, ఇప్పుడే చెప్తాను దానికి” అని ఫోన్ పట్టుకుని మిద్దెమీదికి, ట్యాంకు దగ్గరికి పోయింది.