నేను ఐబుక్ జీ4ని

నేను 2005 జులైలో వచ్చిన ఆపిల్ ల్యాప్‌టాప్, ఐబుక్ జీ4ని. అంతకు ముందు నెలలోనే స్టీవ్ జాబ్స్, ఇకమీదట మాక్‌లలో ఇంటెల్ ప్రాసెసర్లే ఉంటాయని ప్రకటించేశాడు. నేను పుట్టకముందే మా పవర్‌పీసీ వంశానికి గడువు రాసిపెట్టారన్నమాట. 2007 నాటి లెపర్డ్, అంటే మాక్ ఓఎస్ 10.5, నాకు ఆఖరి సిస్టమ్.

అమెరికా నుంచి తెచ్చిన నన్ను, ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయికి వాళ్ల బాబాయి ఇచ్చేశాడు. పాటల ఫైళ్లు చదివే ఓ చిన్న ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాంని నా మీద కంపైల్ చెయ్యాలని ఆమె పట్టుదల.

"ఎందుకమ్మా దాంతో కుస్తీ? కొత్తది కొనుక్కోరాదూ" అన్నారు వాళ్ల నాన్న.

"ఇది బాగానే ఉంది నాన్నా. ఆ కోడ్‌కే దీని సంగతి తెలీదు."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది.

లెపర్డ్ కోసం ఆపిల్ ఇచ్చిన జీసీసీ 4.2 కంపైలర్‌కి, ఆ ప్రోగ్రాం రాసిన సీ++11 రాదు. మాక్‌ల మీద ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాంలు కట్టిపెట్టే మాక్‌పోర్ట్స్‌తో మా అమ్మాయి కొత్త జీసీసీని నా మీదే కట్టించింది. నాది 1.33 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్. తెల్లారేదాకా ఫ్యాను తిరుగుతూనే ఉంది. తర్వాత గెట్‌లైన్ ఫంక్షన్ లేదని బిల్డ్ ఆగింది. అది మాక్‌లోకి 10.7తో గానీ రాలేదు. ఇలాంటి లోటు పూడ్చడానికే మాక్‌పోర్ట్స్ వాళ్లు లెగసీ సపోర్ట్ లైబ్రరీ రాశారు, అది సరిపోయింది. ఆపైన లింకర్ మొరాయించింది. 64 బిట్ల సంఖ్యని ఒక్క దెబ్బలో మార్చే ఇన్‌స్ట్రక్షన్ నా 32 బిట్ ప్రాసెసర్‌లో లేదు. ఆ పని చేసిపెట్టే లిబ్‌అటామిక్ లైబ్రరీని జతచేస్తే దారికొచ్చింది.

బిల్డ్ పూర్తయింది. కానీ ప్రోగ్రాం ఏ వేవ్ ఫైల్ తెరిచినా పాడైపోయిందనేది!

అసలు జబ్బు ఇక్కడుంది. వేవ్ ఫైల్లో అంకెలు చిన్న బైటుతో మొదలవుతాయి. నేను బిగ్ ఎండియన్‌ని, పెద్ద బైటు ముందు చదువుతాను. హెడర్‌లో 16 అని ఉన్నచోట నాకు 26,84,35,456 కనిపించింది. కోడ్ రాసినవాళ్లు ఫైల్లోని బైట్లని నేరుగా మెమరీలోకి లాగేశారు. ఇంటెల్ మీద అది ఏనాడూ బయటపడదు. మా అమ్మాయి నాలుగు బైట్లనీ విడివిడిగా చదివి, షిఫ్ట్ చేసి కలిపేలా మార్చింది. ఆ కోడ్ ఏ ప్రాసెసర్ మీదైనా ఒకేలా నడుస్తుంది. పాట మోగింది.

ఆ ప్యాచ్‌ని ప్రాజెక్టుకి పంపితే తీసుకున్నారు. నా ఒక్కదాని కోసం కాదది. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీది లినక్స్ కూడా బిగ్ ఎండియనే.

మీ పాత మెషీన్ మీద బిల్డ్ ఆగిపోతే "సపోర్ట్ లేదు" అనుకుని వదిలెయ్యకండి. పైకి జరిపి మొట్టమొదటి ఎర్రర్ చదవండి. దిద్దుబాటు దొరికితే మీ దగ్గరే ఉంచుకోకుండా ప్రాజెక్టుకి పంపండి.