రావి మొక్కా, రిజిస్టర్డ్ సంఘమూ

జంటనగరాల్లోని పాత పేటల్లో వారసత్వ పరిరక్షణ సంఘం పుట్టడానికి ఏడుగురు మనుషులు చాలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అంతకన్నా ఎక్కువ అడగదు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, గౌరవ సలహాదారు పదవులు పంచుకోగా మిగిలిన ఏడో మనిషి ఉత్త సభ్యుడు. సంఘం చేసే పని దాదాపు అంతా ఇతనే చేస్తాడు. కుర్చీలు వేసేదీ, కార్పొరేటర్ ఇంటికి వినతిపత్రం మోసుకెళ్ళేదీ, ఫ్లెక్సీలో అధ్యక్షుడి ఫొటో చిన్నదైందని మాట పడేదీ ఇతనే. ఇతనికి వేరే ఊరికి బదిలీ అయిందంటే సంఘానికి గ్రహణం పట్టినట్టే.

పాత కట్టడాల మీది ప్రేమతో సంఘాలు పుడతాయని వాటి కరపత్రాలు చెబుతాయి. నిజానికి చాలా సంఘాలు మురుక్కాలువ పొంగినప్పుడో, పక్క ఫంక్షన్ హాలులో డీజే అర్ధరాత్రి దాటినా ఆగనప్పుడో పుడతాయి. వెనక వీధిలోని పాత దేవిడీ భవంతిని అన్నదమ్ములు నలుగురూ కలిసి బిల్డరుకు రాసిచ్చారనీ, అక్కడ ఐదంతస్తులు లేవబోతున్నాయనీ తెలిసిన రోజున, తన బాల్కనీకి ఇక ఎండ తగలదని గ్రహించిన పెద్దమనిషికి అసఫ్‌జాహీ వాస్తుకళ మీద ఉన్నట్టుండి గౌరవం కలుగుతుంది. దీన్ని కపటం అనడం అన్యాయం. న్యూయార్కులో పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో పడగొట్టడం మొదలుపెట్టాక గానీ అక్కడివాళ్ళకు కట్టడాల రక్షణకు ఒక చట్టం ఉండాలన్న పట్టుదల రాలేదు. ఆ చట్టం 1965లో వచ్చింది. పోయిన స్టేషన్ రాలేదు. ప్రేమ ఏ దారిన వచ్చినా సకాలంలో వస్తే అదే పదివేలు.

రిజిస్ట్రేషన్ పూర్తికాగానే రెండు పనులు జరుగుతాయి: లెటర్‌హెడ్ అచ్చవుతుంది, వాట్సాప్ గ్రూపు మొదలవుతుంది. గ్రూపు నియమావళి ప్రకారం అందులో వారసత్వ సంబంధమైన విషయాలు మాత్రమే పెట్టాలి. మొదటి వారం పెడతారు. రెండో వారం నుంచి గులాబీలతో శుభోదయాలు, మోకాళ్ళ నొప్పికి చిట్కాలు, గేటు ముందు ఎవరిదో తెల్ల కారు నిలిపి ఉందన్న ఫిర్యాదులు వస్తాయి. మధ్యలో ఒకరోజు ఎవరో చార్మినార్ పాత ఫొటో పెడతారు. అది ఏ సంవత్సరానిదన్న దానిమీద ఇద్దరు రిటైర్డ్ ఉద్యోగులకు మాటా మాటా పెరిగి, ఒకరు గ్రూపు నుంచి తప్పుకుంటారు. సాయంత్రానికి మళ్ళీ చేర్చుకుంటారు.

సంఘం జనానికి కనిపించేది ఆదివారం ఉదయపు వారసత్వ నడకలో. చార్మినార్ దగ్గర మొదలై, లాడ్‌బజార్ మీదుగా చౌమహల్లా దాకా సాగే నడక వీటిలో పేరున్నది. టోపీలు, నీళ్ళ సీసాలు, పెద్ద పెద్ద కెమెరాలతో వచ్చేవారిలో ఎక్కువమంది గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నుంచి కారులో వచ్చి, కిలోమీటరు నడిచి, మళ్ళీ కారులో వెళ్ళేవారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరానికి పునాది వేశాడన్న దగ్గర మొదలుపెట్టి గైడు తలుపు తలుపుకీ ఆగుతాడు. తమ ఇంటి కమాను గొప్పదని ఆ ఇంట్లోవాళ్ళకు తెలిసేది అప్పుడే. “గొప్పదే గానీ సార్, వానాకాలం కారుతుంది” అని ఇంటాయన వినయంగా మనవి చేసుకుంటాడు. ఆ మాట ఎవరి కెమెరాలోనూ పడదు. నడక ఇరానీ హోటల్లో ముగుస్తుంది. తెల్లవారుజామునే నహారీ తినగలిగినవాళ్ళు నిజమైన వారసత్వ ప్రేమికులని ఒక వర్గం అభిప్రాయం.

నడకలకు రెండు ముఖ్యమైన సీజన్లు ఉన్నాయి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. హైదరాబాదు ఎండల్లో ఆ రోజును ఏ ఏసీ హాల్లోనో జరుపుకోవడం రివాజు. నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవాలు. చలికాలం కాబట్టి అప్పుడు ఆరుబయట ఉపన్యాసాలు, పిల్లలకు చిత్రలేఖనం పోటీలు, శాలువాలు. మిగిలిన యాభై వారాల్లో కట్టడాలు ఎవరి సాయమూ లేకుండా తమంతట తామే నిలబడాలి.

సంఘం చేతిలో ఉండవలసిన ఆయుధం చట్టం. దాని చరిత్ర కొంచెం చిక్కు. ముంబయి 1995లో వారసత్వ కట్టడాలకు నిబంధనలు తెచ్చుకుంది. అదే ఏడాది చివర్లో హైదరాబాదు కూడా తన జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధన కింద అలాంటి ఏర్పాటు చేసుకుంది. దాని కింద వందకు పైగా కట్టడాలు జాబితాకెక్కాయి. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. సంఘం సమావేశాల్లో ఇప్పటికీ ఒకరు పాత నిబంధనను, ఒకరు కొత్త చట్టాన్ని పట్టుకుని వాదిస్తారు. ఆ వాదం ముగిసేలోగా బిల్డరు శ్లాబు వేసేస్తాడు.

ఇంటి యజమాని గోడు కూడా వినవలసిందే. జాబితాలో పేరెక్కితే సంఘం మిఠాయిలు పంచుతుంది. యజమానికి మాత్రం ఆ మిఠాయి గొంతు దిగదు. కూల్చకూడదు, మార్చకూడదు, కిటికీ ఊడితే అదే తీరు కిటికీ చేయించాలి, ఆ పనితనం ఉన్న వడ్రంగిని ఎక్కడ వెతకాలో మాత్రం ఎవరూ చెప్పరు. పైగా ఇంటికి వారసులు పదకొండుమంది, అందులో ముగ్గురు షికాగోలో. అద్దె తాతల నాటిది, అద్దెదారు తండ్రుల నాటివాడు. వారసత్వం అనే మాట సంఘానికి ఎంత తీపో, సివిల్ కోర్టులో వాయిదాలకు తిరిగే ఈ కుటుంబానికి అంత చేదు. యజమానికి డబ్బు సాయం చెయ్యకుండా భక్తి మాత్రమే కోరే పరిరక్షణ ఎక్కువకాలం నిలవదు.

ఈ దృష్టితో చూస్తే హైదరాబాదులో అందరికన్నా తెలివైన పని చేసింది 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ అనుకోవాలి. అది ఎంచుకున్న వారసత్వ సంపద బండరాళ్ళు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటికి వారసులు లేరు, అద్దెదారులు లేరు, వాన కురిస్తే కారవు. అయినా కంకర మిషన్లు, డైనమైట్లు వాటినీ వదల్లేదు. సొసైటీవాళ్ళు పోరాడి కొన్ని రాతి గుట్టలను కూడా వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. కట్టడాలతో పాటు కొండలకూ నగర నిబంధనల్లో చోటు దక్కడం మన దేశంలో మామూలు విషయం కాదు.

కోర్టుకు వెళ్ళడం సంఘాలకు చివరి మెట్టు. ఆ మెట్టెక్కి గెలిచిన సందర్భాల్లో పెద్దది ఇర్రమ్ మంజిల్‌ది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న ఆ కొండమీది భవనం ఉన్న చోట కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం తలపెట్టి, 2019 జూన్‌లో శంకుస్థాపన కూడా చేసింది. పౌరులు, నవాబు వంశీకులు హైకోర్టుకెళ్ళారు. అదే ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇటుకా సున్నమూ తమ తరఫున తాము మాట్లాడలేవు కాబట్టి పిటిషనర్లు మాట్లాడవలసి వచ్చింది. అయితే గెలిచిన కేసు కట్టడాన్ని కూల్చకుండా ఆపుతుంది, అంతే. కప్పు కారడాన్ని ఏ ధర్మాసనమూ ఆపలేదు.

అసలు పాత కట్టడాలకు ప్రమాదం బుల్డోజర్ వల్లనే అనుకోవడం పొరపాటు. చాలా కట్టడాలు రావి మొక్క వల్ల పోతాయి. కాకో గోరింకో పండు తిని పిట్టగోడ మీద విత్తనం వదులుతుంది. తొలకరికి ఆ విత్తనం రెండాకులు వేస్తుంది. వేరు సున్నపు సందుల్లోకి దిగి లావెక్కుతూ, కొన్నేళ్ళలో రాళ్ళను విడదీస్తుంది. రెండాకుల దశలో దాన్ని పీకడానికి నిచ్చెనా, ఒక చెయ్యీ చాలు. కానీ రావి పూజనీయం, పీకితే పాపం. అధ్యక్షుడు ఉపాధ్యక్షుడికి చెబుతాడు, ఆయన కార్యదర్శికి, ఆయన మున్సిపాలిటీకి. మున్సిపాలిటీ మనిషి కొమ్మలు నరికి ఫొటో తీసుకుని వెళ్తాడు. వేరు లోపలే ఉంటుంది కాబట్టి మరుసటి వానాకాలానికి రెట్టింపు ఉత్సాహంతో చిగురిస్తుంది. వేరును మొదలంటా తీసి, ఆ సందును సున్నంతో పూడిస్తే గానీ పని పూర్తికాదు.

సున్నం అంటే కూడా గానుగలో ఆడించిన సున్నం. ఇసుక కలిపి, కరక్కాయ నీళ్ళు, బెల్లం పోసి నానబెట్టి మగ్గనిచ్చే ఈ సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది. గోడలోని తడిని బయటకు పోనిస్తుంది. సిమెంటు అలా పోనివ్వదు. పాత గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి, రెండు మూడు వానలకు పెచ్చులూడుతుంది. ఈ సంగతి ఇంజనీర్లు ఎన్నిసార్లు చెప్పినా, మంత్రిగారు వస్తున్నారంటే సంఘం వారం ముందు తెప్పించేది రెండు బస్తాల సిమెంటూ, ఒక డబ్బా పసుప్పచ్చ రంగూ. సున్నం మగ్గేదాకా మంత్రి ఆగడు కదా.

రెండో శత్రువు చెత్త. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలోని మెట్ల బావి కథ ఇందుకు మంచి ఉదాహరణ. 17వ శతాబ్దానిదని చెప్పే ఈ బావిని పూర్వం నాగన్నకుంట అనేవారు. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంటు కీస్ కాలంలో ఆ ప్రాంతాన్ని ఆదర్శగ్రామంగా తీర్చిదిద్ది, విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. కుళాయిలు వచ్చాక బావితో పని తగ్గింది. పని తగ్గిన బావి మన ఊళ్ళలో చెత్తకుండీగా ప్రమోషన్ పొందుతుంది. ఒకరు కొబ్బరి చిప్ప వేశారు, ఒకరు పగిలిన కమోడ్ వేశారు, ఇల్లు కూల్చినవాళ్ళు ఇల్లంతా వేశారు. మెట్లు కనబడకుండా పోయాయి. ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ నగరపాలక సంస్థతో కలిసి లారీల కొద్దీ మట్టీ చెత్తా తోడించింది. తోడేకొద్దీ కింద ఊట ఊరుతూనే ఉంది. 2022 డిసెంబరు 5న బావిని మళ్ళీ జనానికి తెరిచారు. అక్కడ ఇప్పుడు జనం మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. నిన్న మొన్నటి దాకా అక్కడికి ముక్కు మూసుకుని వెళ్ళేవారు.

వాడుకలో ఉన్న కట్టడానికి సంఘం అవసరం తక్కువ. 1930లలో రాతితో కట్టి, ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టిన మొజంజాహీ మార్కెట్ చాలా ఏళ్ళు తీగలు, రేకులు, బోర్డుల మధ్య మాసిపోయి ఉండి, 2018లో మొదలైన మరమ్మతులతో 2020లో మళ్ళీ తేటపడింది. ఆ మధ్యకాలమంతా దాన్ని జనం మరిచిపోకుండా కాపాడింది ఏ తీర్మానమూ కాదు, అక్కడి పండ్ల ఐస్‌క్రీమ్. ఎండాకాలపు రాత్రి సీతాఫలం దొరకదని తెలిసి కూడా అడిగి, మామిడిపండుతో సరిపెట్టుకునే జనం ఉన్నంతకాలం ఆ మార్కెట్‌కు ఢోకా లేదు.

కట్టడం బాగుపడిన తరువాత జరిగే ప్రారంభోత్సవం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. శిలాఫలకం మీద పేర్లు పట్టక రెండో ఫలకం వేయిస్తారు. మరుసటి రోజు పొద్దున ఐస్‌క్రీమ్ కప్పులు, పూల రెక్కలు, చిరిగిన రిబ్బను అక్కడే ఉంటాయి. వాటిని ఎత్తేదెవరన్న ప్రశ్నకు సంఘం మినిట్స్ పుస్తకంలో జవాబు ఉండదు. ఖర్చుల పట్టికలో శాలువాలకు, జ్ఞాపికలకు, ఫ్లెక్సీలకు, టిఫిన్లకు పద్దులున్నాయి. ఊడ్చే మనిషి జీతానికీ, ఏడాదికోసారి నిచ్చెన వేసి పిట్టగోడలు చూసే మేస్త్రీ కూలికీ పద్దు లేదు. కొత్తగా సంఘం పెట్టబోయేవారు ముందు ఆ రెండు పద్దులూ రాసుకుని, తరువాత లెటర్‌హెడ్‌కు ఆర్డరివ్వండి.