కొమ్ము సంతకం

మా పాలమూరులో బండి నంబరు మారినంత సులువుగా బండి రంగు మారదు. ఏపీ 22 పోయి టీఎస్ 06 వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 ఇచ్చారు. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. వీటన్నిటికీ ఒక్కో ఉత్తర్వు సరిపోయింది. రంగు మారాలంటే మాత్రం పుట్టీ కావాలి, ప్రైమర్ కావాలి, ఫోనెత్తే మేస్త్రీ కావాలి. మూడోది దొరకదు.

పెబ్బేరు సంతలో ఒక ఎద్దు మా బావమరిది తెల్లకారు తలుపు మీద కొమ్ముతో సంతకం పెట్టింది. వారంలో గద్వాలలో పెళ్లి. తలుపొక్కటే మెరిస్తే మిగతా కారు ముసలిదని తెలిసిపోతుందని మొత్తం కొట్టించాలనుకున్నాడు.

"మేస్త్రీ, సొట్ట మీద ఇంకో చెయ్యి దట్టంగా కొట్టు. కప్పుకపోతది."

"రంగు ఏమీ కప్పదు సారూ. మెరుపెక్కినంక సొట్ట ఊరందరికీ కనవడ్తది."

టింకరింగ్ అయింది. పుట్టీ కలిపేటప్పుడు హార్డెనర్ ఇంకాస్త వేస్తే తొందరగా ఆరుతుందని బావమరిది సలహా. నూటికి రెండు పాళ్లు దాటితే అది రేపు పై రంగులోకి మచ్చగా ఊరుతుందని మేస్త్రీ జవాబు. 80 నంబరు కాగితం, 180, 320, అన్నీ పొడిగానే. పుట్టీ నీళ్లు తాగితే రంగు బొబ్బలెక్కుతుంది.

ఆపైన చిక్కటి ఫిల్లర్ ప్రైమర్, మధ్యమధ్య ఆరనిస్తూ రెండు మూడు చేతులు. అది పూడ్చేది కాగితం గీతలను, ఎద్దు కొమ్మును కాదు. కారంతా బూడిద రంగుకు వచ్చి ఎంతో నున్నగా కనిపించింది. అసలు మోసం అక్కడే ఉంది. మెరుపు లేని చోట వెలుగు చెదిరిపోతుంది, వంకర దాక్కుంటుంది. అందుకే మేస్త్రీ దాని మీద పలచగా నల్లరంగు చల్లాడు. బావమరిది గుండె జారింది.

"బావా, ఈయన నా కారును చిరుతపులిని చేసిండు!"

కట్టెకు చుట్టిన 400 కాగితంతో రుద్దితే నలుపంతా పోవాలి. పోని చోటల్లా పల్లం. ఎక్కడ మిగిలిందంటే, ఆ తలుపు మీదే. మళ్లీ పుట్టీ, మళ్లీ కాగితం, మళ్లీ ప్రైమర్. ఇంత ఓపికకు పైసలిచ్చేవాడు నాకింతవరకూ కనిపించలేదు. అందరూ డబ్బా మీది రంగుకే బేరమాడతారు.

తీరా తెల్లరంగు కలిపే వేళకు వైశాఖపు ఈదురుగాలి లేచింది. షెడ్డు 44వ నంబరు హైవే పక్కనే. కొల్లాపూర్ మామిడికాయల లారీ ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఇంత దుమ్ము. మేస్త్రీ గన్ను పక్కన పెట్టేశాడు.

కారు బూడిద రంగుతోనే పెళ్లికి పోయింది. మండపం ముందు పెళ్లికొడుకు మేనమామ దాని చుట్టూ తిరిగి, "ఇది కొత్తగా వస్తున్న మ్యాట్ గ్రే గదా? ఎంతయింది అల్లుడా?" అన్నాడు.

"స్పెషల్ ఆర్డర్, మామా."

ప్రైమర్ కూడా నీళ్లు పీలుస్తుంది, వాన పడితే కింద ఇనుము తుప్పు పడుతుంది. ఆ మాట మేస్త్రీ చెప్పే పంపాడు. పప్పు వడ్డించేసరికి ఉరిమింది. బావమరిది విస్తరి ముందు నుంచి లేచి, పెళ్లికూతురు వాళ్ల టార్పాలిన్ అడుగుతూ పరుగెత్తాడు.