ఎంతిస్తుంది?

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడి నోట మొదట వచ్చే మాట "ఎంతిస్తోందండీ?". తెలంగాణలో అయితే "ఎంతిస్తదన్నా?". యాస మారినా క్రియ మారదు. ఈ 'ఇవ్వడం' మనం పశువుల సంత నుంచి పెట్రోల్ బంకుకు తోలుకొచ్చిన మాట. గేదెను బేరమాడుతూ పూటకెన్ని లీటర్లిస్తుందని అడిగిన నోరే, బండిని బేరమాడుతూ లీటరుకెంతిస్తుందని అడుగుతుంది. గేదె మేత తిని లీటర్లిస్తుంది, బండి లీటర్లు తాగి కిలోమీటర్లిస్తుంది. సంతలో అమ్మేవాడు ముందుపూట పాలు పిండకుండా ఉంచి పొదుగు నిండుగా చూపిస్తాడు, బండి అమ్మేవాడు మీటరు వెనక్కి తిప్పి దాని వయసు తగ్గిస్తాడు. పోలిక ఇంతవరకూ బాగానే కుదిరింది. తేడా ఒక్కచోటే. పాలు సగం మేతలోనూ, సగం పిండే చేతిలోనూ ఉంటాయని పాడి ఎరిగిన రైతు ఒప్పుకుంటాడు. బండి కొన్నవాడు మాత్రం మైలేజీ అంతా బండి కడుపులోనే ఎక్కడో దాక్కుందనీ, తగిన మంత్రం పడితే బయటికి వస్తుందనీ నమ్ముతాడు. అలా నమ్మే పెద్దమనిషిని, పిలవడానికి వీలుగా, మైలేజేశ్వరరావు అందాం.

ఈయన ఊరికొకరు కాదు, వీధికొకరు. పదేళ్ల నాటి బండి, కొత్త సీటు కవరు, హ్యాండిల్‌కి నిమ్మకాయ, చొక్కా జేబులో చిన్న డైరీ. ఆ డైరీలో తన పెళ్లిరోజు ఉండదు గానీ, ఏ తేదీన ఏ బంకులో ఎన్ని లీటర్లు పోయించిందీ, అప్పుడు మీటరు ఎంత చూపించిందీ పూసగుచ్చినట్టు ఉంటుంది. వెక్కిరించే ముందు న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ జబ్బు ఆయన తెచ్చుకున్నది కాదు, లోకం అంటించింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పుడు దాని ప్రకటన వేగం గురించి గొప్పలు పోలేదు, ఒకసారి ట్యాంకు నింపి ఆ సంగతే మరిచిపొమ్మంది. జనం బండి కొన్నారు గానీ ఆ సంగతి ఒక్కపూట కూడా మరిచిపోలేదు. అప్పటి నుంచి మనిషి పరువుకు లీటరు కొలపాత్ర అయింది. యాభై అయిదు ఇచ్చే బండి టీకొట్టు దగ్గర అరవై ఇస్తుంది, బావమరిది ముందు అరవై అయిదు, అమ్మకానికి పెట్టిన రోజున డెబ్బై. "కంపెనీవాళ్లే అంత చెప్పారు కదండీ!" అంటాడు రావుగారు. చెప్పారు, నిజమే. కానీ ఆ అంకె ప్రయోగశాలలో చక్రాలు రోలర్ల మీద తిరుగుతుండగా, ముందే రాసిపెట్టుకున్న వేగాల పట్టిక ప్రకారం పుట్టింది. అక్కడ గుంతలుండవు, గేదెలు అడ్డురావు, వెనక సీటు మీద బియ్యం బస్తా ఉండదు.

అయినా ఆయన డైరీని నమ్ముతాడు, ఎందుకంటే అందులో అంకెలున్నాయి. ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడండి. ట్యాంకు ఫుల్ చేయించి, మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఫుల్ చేయిస్తాడు. నిజంగా ఖర్చయింది ఆరు లీటర్లయితే మైలేజీ యాభై. కానీ మొదటిసారి సెంటర్ స్టాండు మీదా, రెండోసారి తొందరలో సైడు స్టాండు మీదా నింపించాడనుకోండి. ట్యాంకు వాలిపోయి అర లీటరు తక్కువ పట్టిందంటే లెక్క యాభై నాలుగున్నర తేలుతుంది. ఆ నాలుగున్నర ఘనత స్టాండుది, రావుగారు మాత్రం దాన్ని కిందటివారం మార్పించిన ప్లగ్గు ఖాతాలో రాసేస్తాడు. ఇంకో చిత్రం ఉంది. టైరు అరిగినకొద్దీ చక్రం చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి అది ఎక్కువసార్లు తిరుగుతుంది, చక్రం చుట్లు లెక్కపెట్టే మీటరు ఆ మేరకు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. అంటే గుండైపోయిన టైరు మీద మైలేజీ పెరుగుతుంది, డైరీలో మాత్రమే. వానాకాలంలో బండి జారి కిందపడ్డప్పుడు ఈ లాభాన్ని ఎక్కడ జమకట్టాలో డైరీలో గడి లేదు.

ఇక వైద్యాల సంగతి. తెల్లవారుజామున పెట్రోల్ చల్లగా, చిక్కగా ఉంటుందని కోడి కూయకముందే బంకుకు బయల్దేరతాడు. పెట్రోల్ డిగ్రీకి సుమారు నూటికి పదోవంతు వ్యాకోచిస్తుంది, అది నిజమే. కానీ బంకులో ట్యాంకు భూమిలోపల ఉంటుంది, పగటికీ రాత్రికీ అక్కడ పెద్ద తేడా రాదు. పోనీ అయిదు డిగ్రీల తేడా ఉందనే ఒప్పుకుందాం. రెండు లీటర్ల మీద కలిసొచ్చేది పది మిల్లీలీటర్లు, అంటే అర కిలోమీటరు. బంకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ పొదుపు దారిలోనే ఆవిరి. వంద రూపాయలకు పోయించుకుంటే మోసం చేస్తారని నూట పదికి పోయిస్తాడు. యంత్రానికి గుండ్రటి అంకె మీద ప్రత్యేకమైన కక్ష ఏమీ ఉండదు. అనుమానం తీరాలంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, కొలిచి చూపించమని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. ఆ ఒక్కటీ ఆయన అడగడు, మొహమాటం. కలరా ఉండలు ట్యాంకులో వేస్తాడు, పెట్రోల్ పైపుకి అయస్కాంతం కట్టిస్తాడు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి ఇంధన పొదుపు సాధనాలను వందకు పైగా పరీక్షించి, చాలావాటి వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చింది. 1996లో తమిళనాట ఒకాయన మూలికలతో నీళ్లను పెట్రోల్ చేస్తానంటే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. ఆ నోరు ఇప్పటికీ పూర్తిగా మూతపడలేదు. అన్నీ అయ్యాక చీర గార్డు పీకించి కిలో బరువు తగ్గిస్తాడు. తన బొజ్జ జోలికి మాత్రం పోడు, అది కంపెనీ ఫిటింగు కదా!

మరి పాత బండికి మైలేజీ పెరగదా అంటే, పెరుగుతుంది. కానీ పెంచేవి మరీ మామూలు పనులు కావడంతో ఆయనకు వాటి మీద గురి కుదరదు. టైర్లలో గాలి సరిగా ఉండాలి. దీనివల్ల కార్లకు మూడు శాతం దాకా కలిసొస్తుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చైను బిగువు సరిచూసి నూనె వేయాలి. సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పితే అది తేలిగ్గా తిరగాలి, బర్రుమని ఆగిపోతే బ్రేకు షూ పట్టేసినట్టు. కార్బొరేటర్ ఉన్న పాత బండికి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఇంజెక్షన్ బండికి ఫిల్టర్ మూసుకుపోతే ముఖ్యంగా తగ్గేది ఊపు. ఇంజన్ ఆయిల్ బండి కంపెనీ చెప్పిన గ్రేడుదే వాడాలి. ఇవన్నీ కలిపినా కుడిచేతి మణికట్టు ముందు దిగదుడుపే. కార్ల మీద అదే ఇంధన శాఖ చెప్పేదాని ప్రకారం దూకుడుగా నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుంది. యాభైలో పోతున్నప్పుడు బండిని వెనక్కి నెట్టే గాలి, డెబ్బైలో దాదాపు రెట్టింపు బలంతో నెడుతుంది. మన దేశంలో 1978లో ఏర్పడ్డ పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపమని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. రావుగారు ఆ వేగంలో వెళ్లడు. సిగ్నల్ పడగానే అందరికంటే ముందు దూకి, వంద గజాల అవతల సడన్ బ్రేకు వేసి, ఆగిన చోట రయ్ రయ్‌మని రేజ్ చేస్తూ, ఈ మెకానిక్ సరిగా ట్యూనింగ్ చేయలేదని తిట్టుకుంటాడు.

ఒక్క పల్లం కనిపిస్తే మాత్రం ఆయనలో యోగి మేల్కొంటాడు. ఘాట్ రోడ్డు మీద బండిని న్యూట్రల్‌లో వేసి, వీలైతే ఇంజన్ కూడా కట్టేసి, అరమోడ్పు కళ్లతో జారుతుంటాడు. దిగువకు గేరులో వస్తే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకు మీద పడి అది వేడెక్కి పట్టు తప్పుతుంది. కారులో ఇంజన్ ఆగితే బ్రేకుకూ స్టీరింగ్‌కూ ఉండే సాయం పోతుంది. పైగా ఇంజెక్షన్ బండి గేరులో, యాక్సిలరేటర్ వదిలి దిగుతుంటే పెట్రోల్ సరఫరా దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా కొంత పోయాల్సి వస్తుంది. అంటే అలాంటి బండి మీద ప్రాణం పణంగా పెట్టి న్యూట్రల్‌లో జారితే దక్కేది నష్టం. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చి కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాక, ఆయనకు తిప్పుకోవడానికి స్క్రూ కూడా లేకుండా పోయింది. పాత బండి మీద అంత మమకారం అందుకే.

అసలు పప్పులో కాలేసేది లెక్కలోనే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బైకును యాభై నుంచి అరవైకి తెచ్చాడనుకుందాం. ఇరవై లీటర్ల ఖర్చు పదహారున్నర చిల్లరకు దిగుతుంది, మిగిలేది మూడు లీటర్ల పైచిలుకు. ఇంటి ముందు పది ఇచ్చే పాత కారు ఉంది. దానికి గాలి పట్టించి, సర్వీసు చేయించి, నిదానంగా నడిపి పన్నెండుకు తెస్తే అదే వెయ్యి కిలోమీటర్లకు పదహారున్నర లీటర్ల పైనే మిగులుతుంది. పది పెరిగిన చోట మూడు, రెండు పెరిగిన చోట పదహారు! లీటరుకు కిలోమీటర్లు అనే కొలతలోనే ఈ కనికట్టు ఉంది. అందుకే రావుగారు ఆవగింజలు పోయేచోట కాపలా కాసి, గుమ్మడికాయలు పోయేచోట కునుకు తీస్తాడు. కొత్తిమీర కట్ట కోసం సందు చివరికి బండి తీయడమూ గుమ్మడికాయే. ఇంజన్ వేడెక్కకముందే ప్రయాణం ముగుస్తుంది, చల్లటి ఇంజన్ మామూలు కంటే ఎక్కువ తాగుతుంది.

"లీటరు వంద దాటితే లెక్క చూసుకోవడం తప్పా?" అని అడగొచ్చు. తప్పు కాదు. ఆటో తోలేవాడూ, సంచి తగిలించుకుని ఇంటింటికీ పార్సిళ్లు చేర్చే కుర్రాడూ మైలేజీ అడిగితే అది కూలి లెక్క. వాళ్లు ఈ వ్యాసంలో పాత్రలు కారు. వాళ్లకు కలరా ఉండలతో ప్రయోగాలు చేసే తీరికా ఉండదు. "ఇథనాల్ కలపడం వల్లే తగ్గిందండీ" అన్నది రెండో వాదన. అందులో నిజముంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడోవంతు తక్కువ. పది శాతం మిశ్రమానికి సరిచేసిన బండ్లలో ఇరవై శాతం మిశ్రమం పోస్తే కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. అరవై ఇచ్చే బైకుకు అది రెండు కిలోమీటర్లు, మహా అయితే రెండున్నర. నలభై అయిదుకు పడిపోయిన బండి విషయంలో మిగిలిన పన్నెండు పదమూడు చెరకు రసం మీదకు నెట్టడం న్యాయం కాదు. అవి వదులైన చైనులోనో, పట్టేసిన బ్రేకులోనో, అదుపులేని మణికట్టులోనో ఉంటాయి.

కాబట్టి రావుగారి డైరీ పారేయనక్కర్లేదు, అందులో రాసే అంకె మారిస్తే చాలు. లీటరుకెంత ఇచ్చిందని కాకుండా, ఈ నెల ఇంటి బండ్లన్నీ కలిసి ఎన్ని లీటర్లు తాగాయో రాసుకోవాలి. గేదె సంగతిలో మేత లెక్క చూసే అలవాటు మనకు ఎలాగూ ఉన్నదే. ఆ అంకెను తగ్గించే మందుల్లో చవకైనది కూడా బంకులోనే ఉంది. పెట్రోల్ కోసం బారులు తీరినవాళ్ల పక్కనే, గొట్టం చుట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంటుంది. బంకులో గాలి ఉచితం.