ఏకపంక్తి విమ్‌సూత్రము: సటీక తాత్పర్యము

మూలము:
రన్‌టైమ్! కాన్ఫిగ్/*.విమ్

అవతారిక: 1991లో బ్రామ్ మూలెనార్ విమ్ ఎడిటర్‌ను లోకమునకు విడిచినది మొదలు, దాని భక్తులు తమ కోరికలన్నిటిని .విమ్‌ఆర్‌సీ అను ఒక్క ఫైలులో పోయుచు వచ్చిరి. ఏ వరుస ఎందుకున్నదో వ్రాసినవానికే తెలియని దశ వచ్చును. అట్టివాడొకడు ఫైలును ముక్కలుగా కోసి ఒక ఫోల్డరున సర్ది, పాతదానిలో మిగిల్చిన వరుస ఇది.

ప్రతిపదార్థము: రన్‌టైమ్ = రన్‌టైమ్‌పాత్ అను దారుల పట్టికలో వెదకి; ! = మొదటిది దొరకగానే తృప్తిపడక, అన్నిటిని; కాన్ఫిగ్/ = ఆ పేరుగల ఫోల్డరునందలి; * = ఏ పేరుదైనను; .విమ్ = ఆ తోక గల ఫైళ్లను; (చదువుము అని అధ్యాహారము).

తాత్పర్యము: ఓ విమ్మా! ముక్కలన్నిటిని నీవే ఏరుకొని చదువుకొనుము. ఒక్కొక్కదానిని పేరుపెట్టి పిలువుమని నన్ను వేధింపకుము.

విశేషము: ఆశ్చర్యార్థకము జారిపోయెనా, మొదటి ఫైలుతోనే చదువు ముగియును. ఎర్రరైనను రాదు.

ఆక్షేపము: ముక్కలను ఏ క్రమమున చదువును?

సమాధానము: అక్షరక్రమమున. కొంప మునుగునది ఇచ్చటనే. కీస్.విమ్‌లో షార్ట్‌కట్‌లు, లీడర్.విమ్‌లో ఆ షార్ట్‌కట్‌లకు ముందు నొక్కవలసిన లీడర్ కీ ఉన్నవనుకొందము. ఇంగ్లీషున గాని తెలుగున గాని కకారము ముందు, లకారము వెనుక. షార్ట్‌కట్ వ్రాసిన క్షణమున లీడర్ ఏదో అదే దానికి అంటుకొనును. తరువాత మార్చినను పాతవి మారవు. లీడర్‌గా స్పేస్ కోరినవానికి, విమ్ తనంతట ఇచ్చు బ్యాక్‌స్లాషే దక్కును. పేర్ల ముందు అంకెలు తగిలించు సంప్రదాయమొకటి కలదు. అందును 10 అనునది 2 కంటె ముందు నిలుచును. కావున 02 అని వ్రాయవలెను. టీకాకర్త మతమున, లీడర్‌ను మూలమునకు పై వరుసలోనే ఉంచుట మేలు. ఏకపంక్తి అను బిరుదు పోయిన పోవును గాక.

పాఠాంతరము: నియోవిమ్ శాఖవారు లువా భాషలో రిక్వైర్ అని పఠింతురు. అది ఒకసారి చదివినదానిని మరల తెరవదు. నియోవిమ్‌ను మూసి తెరచువరకు, ఫైలు మార్చి ఎన్నిమార్లు పిలిచినను పాత పాఠమే అప్పగించును.

పునరాక్షేపము: ట్యాబ్ వెడల్పు 4 అంటిని, 8 కనబడుచున్నది. ఏ ముక్క పని ఇది?

సమాధానము: వెర్బోస్ సెట్ ట్యాబ్‌స్టాప్? అని అడిగిన, చివర చేయిపెట్టిన ఫైలును విమ్ పేరుతో సహా పట్టిచ్చును. తరచుగా అది మన ముక్క కాదు, ఫైలు రకమును బట్టి ఆలస్యముగా వచ్చు ప్లగిన్. దానిని గెలువదలచినవాడు ఆఫ్టర్/ఎఫ్‌టీప్లగిన్ ఫోల్డరున ఇంకొక ముక్క వ్రాయవలెను.