రిమోటు మనదే

“మద్రాసు మనదే” అని గొంతు చించుకున్న తరం వెళ్లిపోయింది. వాళ్ల మనవలూ మనవరాళ్లూ మద్రాసు జార్జి టౌనులో ఇప్పుడు “రిమోటు మనదే” దాకా దిగివచ్చారు. అదైనా కోడలు పుట్టింటికి వెళ్లిన రోజుల్లోనే చెల్లుతుంది.

ఊరు ఎందుకు మనది కాలేదో చెప్పి ఎవరినీ విసిగించను. 1949లో జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభి ముగ్గురూ కూర్చుని మద్రాసు ఊసెత్తకండన్నారు. ఆ ముగ్గురిలో ఒకాయన మన బందరు మనిషే. ఈ పేటలోని అన్నపిళ్లై వీధిలో పుట్టిన పొట్టి శ్రీరాములుగారు 1952లో మైలాపూరులో ఆంధ్ర రాష్ట్రం కోసం పస్తుండి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, వచ్చి కర్నూలు వెళ్లింది. 1996లో కొత్వాల్ చావిడి కూరగాయల బజారు కూడా బుట్టలు సర్దుకుని కోయంబేడు వెళ్లిపోయింది. వెళ్లనివి రెండే. ఒకటి కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడి, రెండోది గోవిందప్ప నాయకన్ వీధి మేడ మీద మా పెద్దమ్మ టీవీ.

ఈ దేశంలో వచ్చిన ప్రతి టీవీ కార్యక్రమం మీదా మా పెద్దమ్మకు అభిప్రాయం ఉంది. చూసినవాటి మీద ఒకటి, చూడనివాటి మీద రెండు. చిక్కల్లా ఏమిటంటే, ఆ అభిప్రాయాన్ని లెక్కలో వేసుకునే నాథుడు లేడు.

టీవీ లోకంలో లెక్కంటే బార్క్ లెక్క. దేశమంతటా యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరు ఏం చూస్తున్నారో కనిపెట్టి, వారం వారం అంకెలు వదులుతారు. ఆ అంకె పెరిగితే చచ్చిన పాత్ర బతుకుతుంది, తగ్గితే బతికున్న అత్తగారు కోమాలోకి పోతుంది. తెలుగు చానెళ్లు మొహం చూసుకునే అద్దానికి పెట్టిన పేరు “ఏపీ/తెలంగాణ” మార్కెట్టు. జార్జి టౌను అందులో లేదు. ఇక్కడి ఇంటికి మీటరు తగిలించినా అది తమిళనాడు పద్దు. ‘కార్తీకదీపం’లో వంటలక్క కష్టాలకు మా పెద్దమ్మ కార్చిన కన్నీరు హైదరాబాదు చేరదు. మధ్యలో ఎక్కడో గూడూరు దగ్గర ఇంకిపోతుంది.

ఈ సంగతి విడమరచి చెప్పాను. ఆవిడ పెసరపప్పులో రాళ్లేరుతూ వింది.

“నా టీవీ, నా కరెంటు, నా కండ్లు. లెక్క మాత్రం వాడిదా? వాడెవడంట?”

ఓటు లేనివాడి ఉపన్యాసం ఎప్పుడూ పొడుగే. కర్నూలు ప్రేక్షకుడు సీరియల్ నచ్చకపోతే చానెల్ మారుస్తాడు, చానెల్‌వాళ్లు హడలిపోతారు. జార్జి టౌను ప్రేక్షకుడు మారిస్తే హడలేది ఇంట్లో పిల్లి. అందుకే ఇక్కడ నచ్చకపోయినా మార్చరు. చూస్తారు, తిడతారు, మర్నాడు మళ్లీ చూస్తారు, నిన్న ఎందుకు తిట్టారో గుర్తు చేసుకుని ఇంకో విడత తిడతారు.

ప్రేక్షకుడి మాటను కాగితం మీద తీసుకున్న కాలం ఒకటుండేది. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక, వచ్చిన ఉత్తరాలకు జవాబు చెప్పడానికే ‘ఎదిరొలి’ అని ఒక కార్యక్రమం పెట్టారు. జనం తిట్టేవారు, అధికారి చిరునవ్వు చెదరకుండా చదివేవారు. మా పెదనాన్న దానికి ఆస్థాన లేఖకుడు. వార్తలు చదివే ఆవిడ చీర అంచు గురించి ఒక కార్డు, వాతావరణ పటంలో పాండిచ్చేరి చుక్క పెట్టిన చోటు గురించి ఒక కార్డు. వీధి డబ్బాను నమ్మక, రాజాజీ సాలైలోని జీపీఓ దాకా నడిచి వేసి వచ్చేవారు. కార్యక్రమాలు చూసిన గంటల కన్నా కార్డులు రాసిన గంటలే ఎక్కువని పెద్దమ్మ వాంగ్మూలం. తరవాత ‘సురభి’ వచ్చినప్పుడు దేశమంతా ఇదే వరస పట్టింది. ఉత్తరాల బరువు తట్టుకోలేక తపాలా శాఖ పోటీలకని వేరే కార్డే అచ్చేసి ధర పెంచింది. ప్రేక్షకుడి ఉత్సాహం మీద సర్కారు వేసిన మొదటి పన్ను అదే కావచ్చు.

పాత కార్యక్రమాలంటే ఈ పేటలో ఉన్న భక్తి విచిత్రమైంది. శుక్రవారం ఇక్కడ ‘ఒలియుం ఒళియుం’, అంతా తమిళ పాటలు. అదే శుక్రవారం హైదరాబాదులో ‘చిత్రలహరి’, అంతా తెలుగు పాటలు. ఆ తెలుగు పాటల్లో చాలావాటిని పాడింది, మీటింది, రికార్డు చేసింది ఇక్కడే, కోడంబాకం స్టూడియోల్లో. పాట ఈ ఊళ్లో పుట్టి, రైలెక్కి అక్కడికెళ్లి, అక్కడివాళ్లకు కనిపించేది. ఇక్కడి తెలుగువాడికి సొంత ఊరి పాట చూడాలంటే హైదరాబాదు టిక్కెట్టు కొనాలి. మా పెద్దమ్మ మరిది పెళ్లికని హైదరాబాదు పోయి ఒకే ఒక్క శుక్రవారం చిత్రలహరి చూసింది. ఆ శుక్రవారం ఏటేటా ఊరుతూ వచ్చింది. ఇప్పుడు అందులో ఘంటసాల, సుశీల, ఆత్రేయ, బాపు బొమ్మలు, మల్లెపూల వాసన అన్నీ ఉన్నాయి. “ఆనాటి ప్రోగ్రాములు ఈనాడేవి?” అని ఆవిడ నిట్టూరిస్తే, అరవైలు దాటిన వీధి వీధంతా తలూపుతుంది. వాళ్లలో చాలామందికి ఆ ఒక్క శుక్రవారం కూడా లేదు. చూడని కార్యక్రమంలో లోపం పట్టుకోవడం ఎవరి తరం?

నిజంగా చూసిన పాతది ‘రామాయణ్’. 1987 జనవరి 25న మొదలైంది. హిందీ వద్దని 1965లో వీధుల్లోకొచ్చిన ఊరు ఇది. ఆదివారం పొద్దున మాత్రం రాముడి హిందీకి మినహాయింపు ఇచ్చింది. అర్థం కాని చోట సౌకార్‌పేట మార్వాడీ పొరుగువాళ్లు ఉండనే ఉన్నారు. వాళ్లు తమిళంలో చెబితే మావాళ్లు తెలుగులో ఏడ్చేవారు. 2020లో కరోనా తలుపులు మూసినప్పుడు అదే రామాయణాన్ని మళ్లీ వేశారు. ఏప్రిల్ 16 ఒక్కనాడే 7.7 కోట్ల మంది చూశారని, ప్రపంచ రికార్డని దూరదర్శన్ తనకు తానే ప్రకటించుకుంది. పెద్దమ్మ మనవడు మాత్రం, బాణాలు అంత మెల్లగా ఎందుకు పోతున్నాయి, నెట్ స్లోనా, అని అడిగాడు.

“మెల్లగా పోతేనే కదరా! ఆ బాణం ఈ బాణాన్ని తగిలేలోపల నేను లోపలికి పోయి పోపు పెట్టి వొచ్చేదాన్ని. అదీ ప్రోగ్రామంటే.”

విమర్శకులు వినవలసిన మాట. టీవీ కథను మా ఆడవాళ్లు వీపుతో చూస్తారు. మొహం పొయ్యి వైపు, చెవి పెట్టె వైపు. ఆ కొలతతో చూస్తే నేటి సీరియల్‌కూ నాటి పురాణానికీ తేడా లేదు. అత్తగారు తల తిప్పుతుంది, ఉరుము. మళ్లీ తిప్పుతుంది, మెరుపు. మూడోసారి తిప్పేసరికి ప్రకటనలు. “దోసెకు రెండే పక్కలు, ఈమె తలకు మూడు” అంటుంది పెద్దమ్మ. అది ఫిర్యాదు కాదు, వంటకు వీలుగా ఉందని మెచ్చుకోలు.

ఇక ఈ పేట తెలుగువాళ్లకు పట్టిన మహర్దశ గురించి. 1999లో సన్ టీవీలో రాధిక ‘చిత్తి’ మొదలైంది. దాన్నే తెలుగు మాటలతో ‘పిన్ని’ అని జెమినిలో వేశారు. తమిళం ముందు, తెలుగు వెనక. తమిళం వచ్చిన తెలుగువాడు అప్పటికప్పుడు త్రికాలజ్ఞుడైపోయాడు. గుంటూరులో పిన్ని కష్టాల్లో ఉండగా, గోవిందప్ప నాయకన్ వీధిలో ఆ కష్టాలు గట్టెక్కి కొత్తవి కూడా మొదలయ్యేవి. రాత్రి ఎస్టీడీ రేటు తగ్గే వేళకు మా పెద్దమ్మకు ఫోన్లు. ఏడాదికోసారైనా పలకరించని ఆడబిడ్డలు, పెళ్లికి పిలవని వేలువిడిచిన మేనత్తలు, అందరికీ ఆవిడే దిక్కు. “చెప్పనమ్మా, చెప్తే మజా పోతాది” అంటూనే సగం చెప్పి, మిగతా సగానికి మర్నాడు ఫోన్ చెయ్యమనేది. ఇప్పుడు ఓటీటీవాళ్లు డబ్బు తీసుకుని చేస్తున్న పని అదే. ‘మెట్టి ఒలి’ వచ్చి ‘మెట్టెల సవ్వడి’ అయినప్పుడు ఆ వైభవం రెండో విడత నడిచింది. మద్రాసు పోగొట్టుకున్నందుకు తెలుగుజాతికి దక్కిన ఏకైక నష్టపరిహారం అది, ఒక వారం ముందుగా కథ తెలియడం.

ఆ వైభవం మధ్యలోనే 2003 సెప్టెంబరు 1 వచ్చిపడింది. డబ్బు చానెళ్లు చూడాలంటే ఇంటికో సెట్‌టాప్ పెట్టె ఉండాలన్నారు. దేశంలో ఈ ముచ్చటకు మొదట దొరికిన ఊరు చెన్నై. ఢిల్లీ, ముంబై, కోల్‌కతాలకు వాయిదా పడింది. తరవాత 2006 నుంచి తమిళనాడు సర్కారువారు కలర్ టీవీలే ఉచితంగా పంచారు, కోటిన్నరకు పైగా. టీవీ ఉచితం, భాష మాత్రం కొనుక్కోవాలి. 2019లో ట్రాయ్ కొత్త లెక్క తెచ్చింది. నూటముప్పైకి వంద చానెళ్లు, పైన పన్ను, మీకు కావలసినవి మీరే ఏరుకోండి అన్నారు. పెద్ద చానెళ్లు ఒక్కొక్కటి 19 రూపాయలు పలికాయి. భాషాభిమానానికి ధర కట్టడం అసాధ్యమని సభల్లో చెప్పే పెద్దలు ఆ జాబితా ఒకసారి చూడాలి. మా వీధి చెట్టిగారొకరు నాలుగు తెలుగు చానెళ్లు టిక్కు పెట్టి, కూడి చూసుకుని, రెండు కొట్టేశారు. తెలుగు తల్లికి ఆయన ఇంట్లో యాభై శాతం తగ్గింపు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మాటల్లో కాకుండా నిజంగానే నిలిచిన పాతది ఒకటుంది, ‘అమృతం’. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రి గుణ్ణం గంగరాజు పెట్టిన హోటల్ అది. ఇడ్లీ బాగుండదు, యజమానికి లోకజ్ఞానం ఉండదు, ఇంటి ఓనరు అప్పాజీ నోట అద్దె పెంపు తప్ప ఇంకో మాట రాదు. జార్జి టౌనులో అద్దెకున్న ప్రతివాడూ అప్పాజీని ఎరుగును. కొందరు ఆయనకే నెలనెలా అద్దె కడుతున్నారు. అమృతం వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. మొగుళ్లు ముగ్గురు మారినా కాపురం చెదరని సంసారం తెలుగు టీవీలో ఇంకొకటి లేదు. ఇప్పటి సీరియళ్లలో మొగుడు ఒక్కడే, కాపురమే వారానికి మూడుసార్లు కూలుతుంది.

‘కార్తీకదీపం’ సంగతి చూడండి. 2017 నుంచి 2023 జనవరి దాకా నడిచింది, అందులో ఏళ్లకేళ్లు డాక్టర్ బాబుకు బిడ్డ తనదేనా అన్న అనుమానం తీరలేదు. డాక్టరే. బిడ్డకు పరీక్ష చేయించాలని తోచదు. పెద్దమ్మ దాన్ని తిట్టని రోజు లేదు, మానిన రోజూ లేదు. ఒక గంట ఆవిడ దీన్ని తిడుతుంటే, ఇంకో గంట తమిళ మీడియం చదివిన కోడలు విజయ్ టీవీలో ‘భారతి కణ్ణమ్మ’ చూస్తూ అక్కడి డాక్టరును తిడుతుండేది. ఇద్దరు డాక్టర్లదీ ఒకటే అనుమానం, ఇద్దరి తండ్రీ మలయాళంలోని ‘కరుత్తముత్తు’. ఆ సంగతి తెలియక అత్తాకోడళ్లు రిమోటు కోసం కొట్టుకున్నారు. ఆవిడకు తెలుగు కావాలి, ఈ పిల్లకు తమిళం కావాలి, కథ మాత్రం కేరళది.

2020లో ఇటు ‘ఇంటింటి గృహలక్ష్మి’, అటు ‘బాకియలక్ష్మి’ వచ్చాయి. మళ్లీ రిమోటు, మళ్లీ కురుక్షేత్రం. ఈసారి గుట్టు బయటపెట్టింది కింది వాటాలో బంగారం పని చేసే బెంగాలీ కుర్రాడు. సౌకార్‌పేట చుట్టుపక్కల నగల పనివాళ్లలో బెంగాలీలు చాలామంది. ఆ కుర్రాడు పైకి నీళ్ల కోసం వచ్చి, తెరమీద రెండు నిమిషాలు చూసి, ఇది మా అమ్మ ఊళ్లో చూసే ‘శ్రీమొయీ’ అన్నాడు. అక్కడ 2019లోనే మొదలైందట, చాలా ముందుకెళ్లిపోయిందట.

పెద్దమ్మ మొహం ఒకలాగైపోయింది. ఒకనాడు గుంటూరుకు భవిష్యత్తు చెప్పిన మనిషి. ఆవిడ కూర్చున్న చోటే కూర్చుంది, కథ మాత్రం ఆవిడను దాటి ఉత్తరాదికి వెళ్లిపోయింది. ఒక పూటే బాధపడింది. మర్నాడు పులిహోర గిన్నె కిందికి వెళ్లింది. సాయంత్రానికి సమాచారం పైకి వచ్చింది. ఆ మొగుడు రెండో పెళ్లి చేసుకుంటాడు. అత్తాకోడళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. ఆ రాత్రి రిమోటు ఎవరూ ముట్టుకోలేదు. పెద్దమ్మ రెండు చానెళ్లలోని ఇద్దరు మొగుళ్లనూ ఒకే నోట తిట్టింది, తమిళం ముక్కలు కోడలు అందించింది.

ఇంత అభిప్రాయం వృథా పోతోందే అని, కాగితం కలం తీసుకుని, చెప్పండి పెద్దమ్మా, హైదరాబాదు చానెల్‌కు రాసి పడేస్తానన్నాను.

“హైదరాబాదుకా? వాళ్ల చేతిలో ఏముండాది? కలకత్తాకు రాయి. ఆ పిల్లోడు బెంగాలీలో పెడతాడు.”

“ఏమని రాయను?”

“ఆ రెండో పెళ్లి మంగళవారం పెట్టుకోమను. శుక్రవారం నాకు గుడి ఉండాది, చూసేదానికి కుదరదు.”

“మంగళవారం ఎవరైనా పెళ్లి చేస్తారా పెద్దమ్మా?”

“అట్టాంటి పెళ్లికి మంగళవారం చాలు. రాయి.”