మార్గదర్శక వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “మూడు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి. ఏడు నిమిషాలు ఆదా అవుతాయి.”

అవతారిక: సాయంసమయమున మెహిదీపట్నమును సమీపించుచున్న యొక చోదకునితో అతని ఫోనునందలి అశరీరవాణి పలుకుచున్నది.

ప్రతిపదార్థము: మూడు వందల మీటర్ల తర్వాత = సిటీబస్సు వెనుక నిలిచిపోయినవానికి ఎప్పటికి చేరుదుమో తెలియనిచోట; ఎడమకు = తాను కుడి వరుసలో ఇఱుకుకొనియుండగా, ఎడమవైపునకు; తిరగండి = వినకున్నను కోపింపని యాజ్ఞ; ఏడు నిమిషాలు = తక్కిన ప్రయాణికుల ఫోనులు కదలు వేగమునుబట్టి ఊహింపబడిన కాలము; ఆదా = ఎవ్వరును సరిచూడజాలని లాభము.

తాత్పర్యము: దారి మార్చుకొనుమని భావము. మార్చుకొనునా లేదా యన్నదే చిక్కు.

విశేషములు: నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణముల నంగీకరించి, ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమనిరి, కావున ఈ వాణి ఆప్తురాలగునా యన్నది విచార్యము. ఊరు క్రొత్తదైనచో చోదకుడు ఆమె చెప్పిన యే సందులోనికైనను దూరును. నిత్యము ఆఫీసునకు పోవు దారిలోనో, ఇరువది యేండ్లుగా ఈ రోడ్లమీదనే నలిగిన తనకు నిన్నగాక మొన్న వచ్చినది దారి చెప్పుటయా యని హారను మ్రోగించును. ముందర బండ్లు బారులు తీరియుండుట కన్నులార చూచినచో వెంటనే లోబడును. కనుచూపుమేర ఖాళీగా నున్నచో, రెండు కిలోమీటర్ల కావలి స్తంభనము ఆమెకు తెలిసియున్నను తాను నమ్మడు. అనగా ప్రత్యక్షము సాక్ష్యమిచ్చినపుడే యతనికి శబ్దము ప్రమాణము.

ఒక్కమారు ఆమె మాట విని, డ్రైనేజీ కొఱకు త్రవ్వి వదలిన గోతివద్దకు చేరినవాడు ఆ యపరాధమును ఏండ్ల తరబడి మఱువడు. వినక చెడిన దినములు మాత్రమతని లెక్కకు రావు, ఏలన పోని దారిలో ఎంతసేపు పట్టియుండెడిదో చెప్పు సాక్షి యెవ్వడును లేడు. ఈ వ్యాజ్యమున వాణి గెలుచుట కల్ల.

క్యాబు నడుపువాని న్యాయము వేఱు: దారి బాగుగా నెఱిగియు, తాను చుట్టు త్రిప్పుచున్నాడను శంక వెనుక సీటులోనివారికి కలుగకుండుటకై ఆమెనే యనుసరించును. ఆటోవాడు “గది గట్లనే చెప్తది సార్” అని గల్లీలోనికి మళ్లించును. వ్యాఖ్యాత పక్షపాతము ఆటోవానియందే.

అందఱును వినినచో ఆ దారియు నిండిపోదా యని పూర్వపక్షము. నిండును. ఎవరికివారు శీఘ్రమార్గమునే వెదకుకొనుచుండగా, తుదకు వాడుకలోని దారులన్నియు సమానకాలము పట్టు స్థితికి వచ్చునని వార్డ్రాప్ అను బ్రిటిష్ పండితుడు 1952లోనే ప్రతిపాదించెను. కావున వినని మొండివాడు విన్నవారికి ఉపకారియే యగుచున్నాడు. ఇంతకన్న గట్టి యాక్షేపణ బెర్లిన్ నగరమునుండి వచ్చినది: సైమన్ వెకర్ట్ అను కళాకారుడు 99 ఫోనులను చిన్న బండిలో వేసికొని లాగుచు నడువగా, ఖాళీ వీథి గూగుల్ పటమున ఎఱ్ఱబాఱెనని 2020లో లోకమునకు వెల్లడియైనది. అంతటి వాణి చేతిబండికి మోసపోయినది!

మఱియొకటి. ఉపగ్రహసంకేతములు వాహనమున్న తావును తెలుపునంత కచ్చితముగా ఎత్తును తెలుపజాలవు. అందుచే ఫ్లైఓవరు పైని పోవువానిని క్రింద పోవుచున్నాడని భ్రమించి, పిట్టగోడవైపునకు తిరుగుమనుటయు కలదు. అచట ఆజ్ఞోల్లంఘనమే ప్రాణరక్షణము.

కావున, మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ దాక 11.6 కిలోమీటర్లు ఫ్లైఓవరుగా సాగు పి.వి. ఎక్స్‌ప్రెస్ వే ఎక్కుటయో మానుటయో, వాణి నోరు తెఱవకమునుపే నిశ్చయించుకొనవలసినదిగా పాఠకులకు మనవి.